డివైడర్ దూకేటోళ్లను తిట్టే ముందు

మొన్న మా కాలనీ వాట్సాప్ గ్రూపుల ఒక వీడియో వచ్చింది. అరవై ఏండ్లు దాటిన ఒక పెద్దమ్మ, చేతిల కూరగాయల సంచి, కొంగు నడుముకు చెక్కుకొని మెయిన్ రోడ్డు డివైడర్ ఎక్కి అటు దిగుతున్నది. ఎవరో కారులో కూసోని తీసిన వీడియో, ముంగట అద్దం మీద వైపర్ గూడ కనబడుతున్నది. కింద కామెంట్లు ఎట్లుంటయో మీకు తెలుసు. "వీళ్లు మారరు", "జీరో సివిక్ సెన్స్", "రేపు గుద్దితే డ్రైవర్ మీదనే కేసు", ఇగ నవ్వే బొమ్మలు వరుసగ. ఒక రిటైర్డ్ సార్ ఉంటడు, మంచి మనిషే, ఎవరింట్ల ఆపదొచ్చినా ముందు నిలబడేటాయన, ఆయన గూడ "ఇట్లాంటోళ్లను నాలుగు రోజులు లోపలేస్తే తెలుస్తది" అని రాసిండు.

గ్రూపుల జవాబు రాద్దామని మొదలుపెడితే అది పొడుగైతనే ఉన్నది, అంత పొడుగు మెసేజ్ ఎవ్వరు చదవరు, అందుకే ఇక్కడ రాస్తున్న. నేననేది ఏందంటే, మన వరంగల్, హన్మకొండ, కాజీపేట రోడ్ల మీద జనం చేసే తప్పులల్ల శాన మటుకు రోడ్డు చేపిస్తున్న తప్పులే. డివైడర్ దూకుడు, రాంగ్ రూట్ల వచ్చుడు, ఫుట్‌పాత్ ఉండంగ రోడ్డు మీద నడుసుడు, ఇవి బుద్ధి లేక చేసేటియి కావు, రోడ్డును అట్ల కట్టినంక మిగిలిన దారి అదొక్కటే గాబట్టి చేసేటియి. లక్షల మంది బుద్ధి మార్చుడు మనతోని అయ్యే పని కాదు గాని రోడ్డును మార్చుడు అయితది, దానికి కోట్ల ఫ్లైఓవర్లు గూడ అక్కర్లేదు.

ఓపెనింగ్ మూసిన కథ

ఆ పెద్దమ్మ దూకిన జాగ నాకు బాగ తెలుసు. అక్కడ మొదట్ల డివైడర్‌కు ఓపెనింగ్ ఉండె. ఒక దిక్కు బస్టాపు, దానికి ఎదురుంగ మా గల్లి మలుపు, మలుపు కాడ కిరాణం, మెడికల్ షాపు, రెండు టిఫిన్ బండ్లు. ఒకనాడు రాత్రి అక్కడ యూటర్న్ కొడుతున్న ఆటోకు వెనుక నుంచి వచ్చిన కారు తాకింది, ఆటో అన్నకు కాలు విరిగింది. వారం తిరగకముందే సిమెంట్ దిమ్మెలు తెచ్చి ఓపెనింగ్ మూసేసిన్రు. అప్పుడు గ్రూపుల అందరు చప్పట్ల బొమ్మలు పెట్టిన్రు. యాక్సిడెంట్ అయింది, వెంటనే పని చేసిన్రు, ఇంకేం గావాలె.

ఇప్పుడు అక్కడ ఒక పావుగంట నిలబడితే తమాష కనబడుతది. రెండు దిమ్మెల నడుమ మొదలు జానెడు సందు ఉండె, అది ఇప్పుడు బండి హ్యాండిల్ పట్టేంత అయింది, ఎవరు జరిపిన్రో ఎప్పుడు జరిపిన్రో చూసినోడు లేడు. డివైడర్‌కు అటు ఇటు ఇటుక పెళ్లలు పేర్చి ఉన్నయి, మోకాళ్ల నొప్పులున్నోళ్లకు మెట్టు. గ్రిల్ ఉన్న కాడ ఒక కడ్డీ వంగింది, ఆ వంగిన కాడ రంగంత పోయి ఇనుము నిగనిగ మెరుస్తున్నది, రోజు ఎన్ని చేతులు దాన్ని పట్టుకొని దిగుతున్నయో చూడున్రి. ఇగ ఆటోలు, బైకుల సంగతి. ముంగటున్న ఓపెనింగ్ అర కిలోమీటర్ పైననే, పోయి తిరిగి రావాల్నంటే కిలోమీటర్ దాటుతది, అదే రాంగ్ రూట్ల అయితే యాభై అరవై గజాలు. డివైడర్ అంచు పట్టుకొని ఎదురుంగ వచ్చుడే.

మూయకముందు ప్రమాదం ఒక్క జాగల ఉండె, అందరికి తెలిసిన జాగ, అక్కడికి రాంగనే బండ్లు జర నిమ్మళమయ్యేటియి. మూసినంక అది రోడ్డు పొడుగు పరుచుకున్నది. అడ్డం ఏం రాదు గదా అని కార్లు ఇప్పుడు ఇంకింత జోరుగ వస్తున్నయి, వాటికి ఎదురుంగ రాంగ్ రూట్ల బైకు, నడుమ డివైడర్ మీద సంచి పట్టుకొని ఒక మనిషి. ఈ మూడు ఒక్క కాడ కలిసిన రోజు మళ్ల ఏం మూస్తరో మరి.

అక్కడ డ్యూటీల ఉండే హోంగార్డ్‌ను అడిగిన, "అన్నా, రాంగ్ రూటోళ్ల ఫొటోలు కొడుతున్నరు గదా, ఏమన్న తగ్గుతున్నదా" అని. ఆయన నవ్విండు. "ఏం తగ్గుతది సార్, పొద్దుగాల ఎవరి ఫొటో కొట్టిన్నో సాయంత్రం మళ్ల ఆయన్నే కొడుత. మొకాలు గూడ యాదికుంటున్నయి. డిస్కౌంట్ వచ్చినప్పుడు కడతం తియ్ అంటరు." డిస్కౌంట్ సంగతి మీకందరికి ఎరుకే, 2023 డిసెంబర్ల బైకులు, ఆటోల పెండింగ్ చలాన్ల మీద 80 శాతం మాఫీ ఇచ్చిన్రు, అంతకుముందు 2022ల గూడ ఇచ్చిన్రు. బట్టల షాపుల దసరా ఆఫర్ లెక్క జనం చలాన్ల ఆఫర్ కోసం చూసే రోజులొచ్చినయి.

దుబాయ్‌ల మంచిగనే నడుపుతరు గదా?

"మనోళ్లకు సివిక్ సెన్స్ లేదు" అనేటోళ్ల మాటను నేను కొట్టిపారేస్తలేను. వాళ్ల కాడ ఒక గట్టి పాయింట్ ఉన్నది. జగిత్యాల, కరీంనగర్, నిజామాబాద్ దిక్కు నుంచి ఎంత మంది గల్ఫ్ పోయిన్రో చెప్పనక్కర్లే. అదే మనిషి ఆడ సీటు బెల్టు పెట్టుకుంటడు, లైను దాటడు, ఈడ శంషాబాద్‌ల దిగి ఊరికి రాంగనే బండి మీద ముగ్గురిని ఎక్కించుకొని రాంగ్ రూట్ల వస్తడు. మరి తప్పంత రోడ్డుదే అయితే మనిషి ఎట్ల మారిండు?

మా చిన్నాయన కొడుకు శాన ఏండ్లు దుబాయ్‌ల డ్రైవర్ చేసొచ్చిండు, ఆయన్నే అడిగిన. "కెమెరా భయం నిజమే అన్నా, ఒక్క ఫైన్ పడితే ఇంటికి పంపే పైసలల్ల కోత. కాని ఆడ ఎదురు పోదామన్నా దారే ఉండదు, యూటర్న్ దూరమైతే దూరమే, ఏసీల కూసోని పోత. ఈడ మే నెల ఎండల, ఎనుక పిల్ల, ముంగట గ్యాస్ బుడ్డి, ఇల్లు కండ్ల ముందు కనబడుతుంటే అంత దూరం పోయి తిరిగి రమ్మంటవా?" అన్నడు. ఆడ నడిచేటోళ్ల సంగతేంది అంటే మాత్రం మొకం మాడ్చిండు. ఎండల కూలోళ్లు ఆ పెద్ద పెద్ద రోడ్లు దాటనీకె పడే తిప్పలు ఆయన చూసిండు. గాబట్టి దుబాయ్ లెక్క చేద్దాం అని నేననను గాని, భయం పని చేస్తది అన్న మాట ఒప్పుకుంట. భయంతోనే ఆగేటియి కొన్ని ఉన్నయి, తాగి నడుపుడు, ఫోన్ చెవిల పెట్టుకొని నడుపుడు, మీసం రాని పోరనికి బుల్లెట్ బండి ఇచ్చి పంపుడు. 2019 మోటారు వాహనాల సవరణ చట్టంల మైనర్ బండితోని నేరం జరిగితే తల్లిదండ్రులకు గాని బండి ఓనర్‌కు గాని మూడేండ్ల దాక జైలు, 25,000 జరిమానా అని ఉన్నది. దాన్ని గట్టిగ అమలు చేస్తే నాకు సంతోషమే.

కాని అదే చట్టంల 198ఏ అని ఇంకో సెక్షన్ ఉన్నది, దాన్ని ఏ గ్రూపుల ఎవ్వరు ఫార్వర్డ్ చెయ్యరు. రోడ్డు డిజైన్ గాని, కట్టుడు గాని, మెయింటెనెన్స్ గాని నిబంధనల ప్రకారం చెయ్యక దాని వల్ల మనిషి చచ్చిపోయినా, కాలో చెయ్యో పోయినా ఆ బాధ్యత ఉన్న అధికారులకు, కాంట్రాక్టర్‌కు, కన్సల్టెంట్‌కు లక్ష రూపాయల దాక జరిమానా. హెల్మెట్ లేనోని ఫొటో తీయనీకె చౌరస్త చౌరస్తకు కెమెరా ఉన్నది. తప్పు డిజైన్ ఫొటో తీయనీకె ఎవరొస్తరు?

ఇగ విదేశాలంటే ఎప్పుడు సింగపూరేనా. నెదర్లాండ్స్‌ల 1971ల, అంత చిన్న దేశంల, రోడ్ల మీద 3,300 మంది చచ్చిపోయిన్రు, అందుల 400 మందికి పైగ పిల్లలు. అప్పుడు వాళ్లకు సివిక్ సెన్స్ లేకుండెనా? పిల్లలను చంపుడు ఆపున్రి అని తల్లిదండ్రులు రోడ్ల మీదికి వచ్చి ఉద్యమం చేసిన్రు, ఆ తర్వాత ఏండ్ల తరబడి గల్లీలల్ల బండ్ల జోరు తగ్గించి, సైకిళ్లకు వేరే దారి వేసి, చౌరస్తలు తిరిగి కట్టిన్రు. ఇప్పుడు ఆ దేశంల ఏడాదికి చచ్చేటోళ్లు ఏడు వందల దరిదాపుల, కార్లు అప్పటికంటె ఎక్కువనే ఉన్నా గూడ.

జోరు లెక్క

మన దేశంల ఒక్క 2022ల రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయిన్రు. అందుల నూటికి 44 మంది బైకుల మీద పోయేటోళ్లు, 19 మంది నడిచి పోయేటోళ్లు. సైకిలోళ్లను గూడ కలుపుకుంటే దగ్గర దగ్గర ముగ్గుర్ల ఇద్దరు, చుట్టు ఇనుప డబ్బా లేనోళ్లు. కారణం కాలమ్ చూస్తే 71 శాతం చావులకు "ఓవర్ స్పీడ్" అని ఉంటది. చూసిన్రా డ్రైవర్‌దే తప్పు అంటరు. నేను అదే లెక్కను ఇంకో తీరుగ చదువుత. రోడ్డును సాఫుగ గీత గీసినట్టు నాలుగు లైన్లు వేసి, ఓపెనింగులు మూసి, మలుపుల కాడ మూలలు చెక్కి వెడల్పు చేసి, ఆఖరికి ఒక రేకు బోర్డు మీద 40 అని రాస్తే ఎవడు 40ల పోతడు? నేనే పోను. కాలు దానంతటదే తొక్కుతది.

30ల పోయే కారుకు మనిషి అడ్డం వచ్చిండనుకోండి, చూసి కాలు బ్రేక్ మీదికి రానీకె ఒక్క సెకన్ అనుకుంటే, ఎండిన రోడ్డు మీద పదమూడు పద్నాలుగు మీటర్లల్ల ఆగుతది. 50ల పోయే కారుకు ఇరవై ఎనిమిది మీటర్ల దాక గావాలె. ఇందుల మెలిక ఏందంటే, ఆ 50 కారు మొదటి ఒక్క సెకన్‌లనే పద్నాలుగు మీటర్లు పోతది. అంటే 30 బండి పూర్తిగ ఆగిపోయిన జాగల 50 బండి బ్రేకే పడలే, అక్కడున్న మనిషికి మొత్తం 50 జోరు తగుల్తది. ఆ దెబ్బ బలం 30 కంటె దగ్గర దగ్గర మూడింతలు. సగటు జోరు 1 శాతం పెరిగితే ప్రాణం పోయే యాక్సిడెంట్ల ముప్పు 4 శాతం పెరుగుతదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తున్నది, 60, 70ల పోతేనే ప్రమాదం అనుకునేటోళ్లు ఈ లెక్క జర చూడాలె.

ఊళ్లె 30 అంటే అంత జామ్ అయితది అంటరు. నయీంనగర్ నుంచి హన్మకొండ చౌరస్త, అక్కడికెల్లి ఎంజీఎం దవాఖాన, పోచమ్మమైదాన్ దాక ఆఫీసు టైముల ఎవరు 30 దాటి పోతున్నరు చెప్పున్రి. ఆగుడే సగం. నడుమ రెండు వందల మీటర్లు ఖాళీ దొరికితే 60 కొట్టి మళ్ల పోయి అదే సిగ్నల్ కాడ అదే ఆటో ఎనుక ఆగుతం.

అసలు చిక్కు ఏందంటే మన మెయిన్ రోడ్లు ఊరి కోసం వేసిన రోడ్లు కావు. కాజీపేట నుంచి హన్మకొండ మీదుగ ములుగు దిక్కు పోయేది హైదరాబాద్ – భూపాలపట్నం హైవే, మొదలు దాని నంబర్ 202, ఇప్పుడు 163. హసన్‌పర్తి దిక్కు నుంచి వచ్చేది జగిత్యాల – ఖమ్మం హైవే, 563. రెండు హైవేలు వచ్చి మన ఊళ్లెనే కలిసినయి, వాటి పొంటి కాలేజీలు, హాస్టళ్లు, దవాఖానలు, ఫంక్షన్ హాళ్లు లేచినయి. రింగు రోడ్డు వచ్చినంక లారీలు కొంత అటు మళ్లినయి గాని రోడ్డు గుణం మాత్రం మారలే, అది ఇంకా తొందరగ ఊరు దాటిపోవాల్నన్నట్టే ఉన్నది. దిగేటోళ్లు, దాటేటోళ్లు, కూరగాయలు కొనేటోళ్లు దానికి అడ్డం.

దీనికి మనోళ్లకు తెలిసిన మందు ఒక్కటే, స్పీడ్ బ్రేకర్. మా ఎనుక గల్లీల ఒక పిల్లగానికి బైకు తాకినంక గల్లోళ్లందరు కలిసి తెల్లారేసరికి కాంక్రీట్ గడ్డ పోసిన్రు. వెడల్పు అడుగున్నర, ఎత్తు జానెడు, రంగు లేదు, బోర్డు లేదు. రెండు మూడు రోజులకే పాలాయన క్యాన్లతోని దాని మీద పడ్డడు, గల్లంత పాలు. దేశంల రోడ్ల కొలతలు రాసే ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1988లనే దీనికి కొలత ఇచ్చింది, 3.7 మీటర్ల వెడల్పు, 10 సెంటీమీటర్ల ఎత్తు, గుండ్రంగ, 25ల పోయేటోనికి నడుము అదరకుండ. 3.7 మీటర్లంటే చిన్న కారు పొడుగంత. మనం పోసేటియి బ్రేకర్లు కావు, నడుములు ఇరగ్గొట్టే గడ్డలు.

అంబులెన్స్ సంగతేంది అని అడుగుతరు, అది గట్టి మాటే. ఎంజీఎంకు ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ దిక్కు నుంచి పేషంట్లు వస్తరు, నడుము విరిగినోన్ని గడ్డ గడ్డకు ఎగిరేసుకుంట తెచ్చుడు పాపం. దీని మీద నేను శాన గుంజాటన పడ్డ, ఇప్పటికి గూడ పూర్తి తృప్తి లేదు. దవాఖాన దారులల్ల గడ్డలు వద్దు, మలుపుల కాడ మూలలు ఇరుకు చేసి బండ్లు తిరిగేటప్పుడు వాటంతటవే స్లో అయ్యేటట్టు చెయ్యాలె, డివైడర్ నడుమ ఆగి చూసి దాటనీకె జాగ ఇయ్యాలె, కొలత ప్రకారం పోసిన బ్రేకర్లు బడుల ముంగట, గల్లీలల్ల చాలు అనిపిస్తది.

కారు నడిపేటోని పరేషాన్ గూడ చెప్పాలె, నేను గూడ నడుపుత గాబట్టి. వానల రాత్రి పూట ఎదురు బండి హైబీమ్ కండ్లల్ల కొడుతుంటే డివైడర్ మొదలయ్యే కాడ ఒక్క రిఫ్లెక్టర్ లేకపోతే అది రోడ్డో గోడో తెల్వదు. మొదలుల వేసిన పసుపు రంగు దుమ్ముకు నల్లగైతది, ఎవడో గుద్దినంక పగిలిన ముక్క అట్లనే ముంగటికి పడి ఉంటది, దాని మీదికి ఇంకొకడు ఎక్కిస్తడు. ఒక స్తంభం, నాలుగు రిఫ్లెక్టర్లు, అంతే ఖర్చు. ఇది ఎవరి సివిక్ సెన్స్ కిందికి వస్తది?

ఫుట్‌పాత్ అంటే మోరీ మీద స్లాబు

ఫుట్‌పాత్ ఉండంగ రోడ్డు మీద నడుస్తరు అనేది ఇంకో కంప్లైంట్. మన ఫుట్‌పాత్ అసలు ఏంది? మోరీ మీద వేసిన స్లాబు. మోరీ గోడ ఎంత ఎత్తుంటే ఫుట్‌పాత్ అంత ఎత్తు, ఒక్కో కాడ మోకాలి మీద చెయ్యి పెట్టి మూల్గుకుంట ఎక్కాలె. పది అడుగులు వేయంగనే షాపాయన కారు ఎక్కనీకె పోసిన ర్యాంపు, దిగాలె, మళ్ల ఎక్కాలె, అటెనుక ట్రాన్స్‌ఫార్మర్, దాని చుట్టు కంచె, మళ్ల దిగాలె. ఒక స్లాబు విరిగి బొంద పడితే ఎవరో పుణ్యాత్ముడు గుర్తుకు వేపకొమ్మ నిలబెట్టిండు. రోడ్స్ కాంగ్రెస్ 2012 పుస్తకం ప్రకారం గట్టు ఎత్తు 15 సెంటీమీటర్లు దాటొద్దు, ఏ అడ్డం లేకుండ 1.8 మీటర్లన్న నడవనీకె ఉండాలె, రెండు వీల్‌చైర్లు ఎదురెదురు వచ్చినా పట్టేటట్టు. 2025 మే నెలల సుప్రీంకోర్టు గూడ అడ్డం లేని ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగంల బతికే హక్కు ఇచ్చే ఆర్టికల్ 21 కిందికే వస్తదని చెప్పింది. మన స్లాబు మీదికి వీల్‌చైర్ ఎక్కాల్నంటే నలుగురు మనుషులు లేపాలె.

మరి తోపుడు బండ్లోళ్లను లేపేస్తే సగం పీడ పోతది అంటరు కొందరు. ఎంజీఎం ముంగట పేషంట్ల వెంట వచ్చినోళ్లు ఇరవై ముప్పై రూపాయలల్ల కడుపు నింపుకునేది ఆ బండ్ల కాడనే. ఇంకోటి, మా అక్క బిడ్డ హాస్టల్ల ఉండి చదువుకుంటది, ఒకసారి మాటల మీద అన్నది, "మామా, రాత్రి బస్సు దిగినంక వీధి లైట్లు ఎటున్నయో చూడను, మిర్చి బండి ఎటుంటే అటే నడుస్త" అని. 2014 వీధి వ్యాపారుల చట్టం గూడ సర్వే చెయ్యకుండ, జాగ చూపెట్టకుండ లేపొద్దనే చెప్తున్నది. నిజంగ జాగ మింగేది కార్ల పార్కింగ్. ఒక కారు నిలబెట్టే జాగల రెండు మూడు తోపుడు బండ్లు పెట్టుకోవచ్చు, అయినా నడవనీకె సందు మిగులుతది. కాని కారును లేపుమని గ్రూపుల ఎవ్వరు రాయరు, కారు మనదే గాబట్టి.

2023 డిసెంబర్ 9 నుంచి ఆడోళ్లకు బస్సు ఫ్రీ అయింది గదా, అప్పటికెల్లి బస్టాపుల కాడ దిగే ఆడోళ్లు, ముసలోళ్లు మస్తు పెరిగిన్రు, కండ్లకు కనబడుతనే ఉన్నది. పోయేటప్పుడు ఒక దిక్కు ఎక్కుతరు, వచ్చేటప్పుడు రోడ్డుకు అవతలి దిక్కు దిగుతరు, అంటే బస్సు ఎక్కిన ప్రతి మనిషి రోజుకు ఒక్కసారన్న రోడ్డు దాటాలె. ఇంత చిన్న లెక్క బస్టాపు పెట్టేటోళ్లకు, డివైడర్ మీద గ్రిల్ బిగించేటోళ్లకు తెల్వదా అంటే తెలుసు, కాని బస్టాపు ఒక శాఖ, గ్రిల్ ఒక శాఖ, ఒకరి కాయితం ఒకరు చూడరు. ఫుట్ ఓవర్ బ్రిడ్జి కట్టున్రి అని ఒక సలహా ఎప్పుడు వస్తది. కింద లారీలు పోవాల్నంటే ఐదున్నర మీటర్లు వదలాలె, మెట్టుకు 15 సెంటీమీటర్లు వేసుకున్నా ముప్పై ఏడు మెట్లు ఎక్కాలె, అన్నే దిగాలె. ఆ సలహా ఇచ్చేటాయన అపార్ట్‌మెంట్ల లిఫ్ట్ ఒక్కపూట ఖరాబైతే వాచ్‌మన్ మీద లొల్లి పెడతడు.

అవార్డ్ వచ్చింది, సైకిల్ పోయింది

వరంగల్ల ఆజంజాహి బట్టల మిల్లు నడిచిన రోజులల్ల షిఫ్ట్ ఇడిస్తే రోడ్డంత సైకిళ్లే ఉండె అని మా బాపు చెప్తుంటడు. ఇప్పుడు పొద్దుగాల టైట్ ప్యాంట్లు, నెత్తికి హెల్మెట్లతోని పోయే సైకిల్ గ్రూపులు కనబడుతయి, వాళ్ల మీద నాకేం కోపం లేదు, కాని ఎనిమిది దాటితే వాళ్లుండరు. ఎనిమిది దాటినంక సైకిల్ మీద ఉండేది గవర్నమెంట్ బడి పిల్లలు, వాచ్‌మన్లు, మేస్త్రీలు. లేబర్ అడ్డా కాడ ఒక పెద్ద మేస్త్రీని అడిగిన, "కాకా, సైకిల్ ఏదే, ఇడిచిపెట్టినవా" అని. "కొడుకు తొక్కనిస్తలేడు బిడ్డా, ఎనుక నుంచి టిప్పర్ హారన్ కొడితే గుండె జల్లుమని మోరీల పడ్డ ఒకపారి. ఇగ షేర్ ఆటోకు రానుపోను పెడుతున్న" అన్నడు. కూలీల కొంత ఆటోకే పోతున్నది.

2020ల కేంద్రం పెట్టిన ఇండియా సైకిల్స్ ఫర్ చేంజ్ ఛాలెంజ్‌ల గెలిచిన పదకొండు నగరాలల్ల వరంగల్ ఉన్నది, బెంగళూరు, సూరత్, నాగ్‌పూర్ పక్కన మన పేరు. సంతోషమే. హైదరాబాద్‌ల 2023ల ఔటర్ రింగ్ రోడ్డు పొంటి 23 కిలోమీటర్ల సైకిల్ ట్రాక్ వేసిన్రు, మీద సోలార్ కప్పు గూడ. అది చూసి మనకు గూడ అట్లాంటిది గావాలె అంటున్నరు కొందరు. నాకైతే వద్దు. మేస్త్రీ కాకకు ఎండ తగలకుండ కప్పు గాదు గావాల్సింది, శివనగర్ నుంచి పని దొరికిన కాడికి టిప్పర్ తాకకుండ పోవుడు. దానికి మెయిన్ రోడ్డు మీద వేరే ట్రాక్ వేసే జాగ మన దగ్గర లేదన్నది నిజం, అక్కడ నేను మొండికి పోను. గల్లీ నుంచి గల్లీకి లోపలి దారులు కలిపి, వాటిల బండ్ల జోరు తగ్గిస్తే సగం దూరం మెయిన్ రోడ్డు ఎక్కకుండనే పోవచ్చు. సైకిల్ ఫొటోకు పనికొచ్చే పని గాదు గాబట్టి అది జరుగుతలేదని నా అనుమానం.

ఊరు దాటినంక సంగతి ఇంకో తీరు. పర్కాల దిక్కు, నర్సంపేట దిక్కు పంట చేతికొచ్చిన కాలంల సగం రోడ్డు మీద వడ్లు, మక్కలు ఆరబోసి ఉంటయి, చుట్టు బండరాళ్లు, రాత్రి మీద నల్ల టార్పాలిన్. బైకోళ్లకు గండమే, ఇది నేను వెనకేసుకొస్తలేను. కాని కొనుగోలు సెంటర్ల తేమ 17 శాతం దాటితే వడ్లు కొనరు, కోత మిషన్ పచ్చి గింజనే కోసిస్తది, ఇంటి కాడ కల్లం లేదు, వాన మబ్బు పట్టింది. ఆ రైతుకు ఎండిన సాఫు జాగ ఒక్క రోడ్డే కనబడుతది. ఊరికి రెండు కల్లాలు సిమెంట్‌తోని పోసిస్తే ఆ రాళ్లు రోడ్డు మీదికి రావు, ఎన్ని కేసులు పెట్టినా మాత్రం వస్తనే ఉంటయి.

దరఖాస్తు

మేం కాలనీల ఒక దరఖాస్తు రాసినం. ఓపెనింగ్ మళ్ల తెరవమని గాదు. బండ్లకు మూసే ఉంచున్రి, మనుషులు పోనీకె రెండు మీటర్ల సందు ఇయ్యిన్రి, డివైడర్ నడుమ ఒక మనిషి సంచితోని నిలబడనీకె జాగ ఉంచున్రి, అక్కడ రోడ్డును ఫుట్‌పాత్ ఎత్తుకు లేపి జీబ్రా గీతలు గీయున్రి, దానికి ముందు కొలత ప్రకారం బ్రేకర్, మీద లైటు. సంతకాల కాడ మొదలైంది లొల్లి. హైవే మీద రోడ్డు లేపనీకె ఒప్పుకోరు అని ఒకరు, అది రాకపోతే మిగిలినయి గూడ పోతయి గాబట్టి ముందు సందు, లైటు మాత్రమే అడుగుదాం అని ఇంకొకరు. కిరాణం శేటు సంతకం పెట్టలే, జీబ్రా వస్తే షాపు ముంగట బండ్లు ఆపనియ్యరు, గిరాకి పోతదని ఆయన భయం. మెడికల్ షాపాయన పెట్టిండు, అవతలి దిక్కు పేషంట్లు గూడ నడిచి వస్తరు అని ఆయన ఆశ. ఇద్దరి లెక్కా వ్యాపారమే, పక్క పక్క షాపులు.

ఇగ కొందరు బస్టాపునే నూరు గజాలు ముంగటికి జరపమని అడుగుదాం అంటున్నరు, అక్కడైతే రోడ్డు దాటుడు సులువని. నేను ఒప్పుకుంటలేను. అక్కడ చెట్టు లేదు, లైటు లేదు, పక్కనే ఖాళీ ప్లాటు, చీకటి పడితే ఆడోళ్లు అక్కడ నిలబడరు, డ్రైవర్‌ను బతిమాలి మళ్ల పాత జాగలనే దిగుతరు. సివిల్ ఇంజినీరింగ్ చదివే మా కాలనీ పిల్లలు ఇద్దరు ఆదివారం టేపు పట్టుకొని వస్తమన్నరు, రోడ్డు వెడల్పు, డివైడర్ ఎత్తు, రెండు దిక్కుల గట్టు ఎత్తు కొలిచి కాయితానికి జోడిస్తే కలెక్టర్ ఆఫీసు ప్రజావాణిల ఇచ్చేటప్పుడు మాటకు బరువుంటది. బస్టాపు సంగతి ఆలోపు తేలాలె, సోమవారం ఎట్లన్న ఇచ్చేస్తం.